ఒక ప్రశ్న వెనక

"ఆ సాయంత్రం ఇస్త్రీ హాల్లోకి ఎందుకెళ్ళావమ్మా?"

ఆస్పత్రి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న చిన్నకోడలు పిన్ని మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

"మీ మామగారు పిలిచారా?" అని అడిగింది పిన్ని.

"ఫోనొచ్చిందని చెప్పడానికండీ."

"నేను పిలిచారా అని అడుగుతున్నాను. సరే, అదలా ఉంచు. నువ్వెళ్ళేసరికి ఆయన ఎక్కడున్నారు?"

"లేదండీ, పిలవలేదు."

పిన్ని కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకుంది. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆమె చాలామందిని ప్రశ్నించింది. అడిగింది వదిలేసి మిగతావన్నీ చెప్పేవాళ్ళు ఆమెకు కొత్త కాదు. అలాంటివాళ్ళ కడుపులో ఏదో ఒకటి ఉంటుంది. ఇన్‌స్పెక్టరు ఈ అమ్మాయిని అనుమానించడంలో తప్పేముందని ఆమెకు మొదటిసారి అనిపించింది.

ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినా, డిపార్టుమెంటులో ఇప్పటికీ ఆమెను అందరూ పిన్ని అనే అంటారు. ఆ పిలుపులో ప్రేమ ఎంతో, ఎక్కడ నిలబెట్టి దులిపేస్తుందోనన్న భయమూ అంతే.

కేసు చూస్తే చిన్నదే. మొన్న సాయంత్రం లాండ్రీ యజమాని తన ఇస్త్రీ హాల్లోనే ఇనపమెట్ల కింద తల పగిలి చనిపోయాడు. రొమ్ము మీద కమిలిన గుర్తులున్నాయి కాబట్టి ఎవరో పైనుంచి తోశారని డాక్టర్లు తేల్చారు. పనివాళ్ళు అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు. హాల్లో ఉన్నట్టు తెలిసిన మనిషి ఆయన చిన్నకోడలొక్కతే. తనే తోశానని ఆమె ఒప్పుకుందనీ, ఈ సాయంత్రం ఆస్పత్రి నుంచి పంపగానే అరెస్టు చేస్తాననీ ఇన్‌స్పెక్టరు అంటున్నాడు.

కాదు, ఆ పిల్ల చెయ్యలేదు అంటూ పిన్నిని పిలిపించింది ఆ అమ్మాయి పుట్టింటివాళ్ళు కాదు, అత్తగారు. చనిపోయినాయన భార్య.

"పడ్డ చప్పుడు నీకు వినపడిందా?" పిన్ని గొంతు కాస్త కటువుగానే పలికింది. "వినపడితే వెంటనే కేకెందుకు వెయ్యలేదు?"

"ఆపండి మీరు," అంది అత్తగారు.

ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి గాని గొంతులో పదును తగ్గలేదు.

"మీరూ ఆ ఇన్‌స్పెక్టరు బాబులాగే మొదలుపెట్టారు. ఏమైనా పందెమా? ఒక మాట అడగండి. అడిగి నోరు మూసుకోండి."

"మూసుకుని?"

"మూసుకుని కూర్చోండి. అది చెప్తుంది. నేనైతే ఏదో ఒకటి ఒలుచుకుంటూ కూర్చుంటాను. లేకపోతే నాకూ నోరు ఊరుకోదు."

పిన్ని ఆవిడ వంక చూసింది. అత్తగారు తొక్క ఒళ్ళో వేసుకుని కాస్త గొంతు తగ్గించింది.

"మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. మూడేళ్ళవుతోంది. నరాల మీద ఉండే పొరని ఒళ్ళే తినేసుకుంటుందట. మతి పోలేదు దానికి. జ్ఞాపకం మీకూ నాకూ కన్నా నయం. కాకపోతే కబురు బుర్రకి బస్సెక్కి రాదు, నడిచొస్తుంది. ఒకదాని వెనకాల ఒకటి పంపిస్తే దారిలో గుద్దుకుంటాయి. అది మొదటిదానికి జవాబు వెతుక్కుంటుంటే మీరు రెండోది అడుగుతారు. పాపం, వెతికి తెచ్చింది పారెయ్యలేక చెప్పేస్తుంది. అప్పుడు మీరు, ఇదేంటి, ఒకటడిగితే ఇంకోటి చెప్తోంది అంటారు."

పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఇంతసేపూ తను సరిగ్గా ఆ పనే చేసింది. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుంది.

"తలుపు తీశాక ఏం జరిగిందమ్మా?"

అడిగి నోరు మూసుకుంది. అత్తగారు ఒక తొన తీసి దాని పీచు మొత్తం వలిచింది. ఇంకో తొన తీసింది. కిటికీ కింద ఎవరో స్కూటరు స్టార్టు చేసి వెళ్ళిపోయారు. అంతసేపు ఎదుటిమనిషి మాట కోసం ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో పిన్నికి ఆ క్షణంలో తెలిసింది. మూడు నాలుగుసార్లు నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నను వెనక్కి మింగింది.

"ఆవిరి మొహానికి కొట్టిందండీ," అంది చిన్నకోడలు. ఈసారి మాటలు తడబడలేదు. "వేడి తగిలితే నాకు కళ్ళు మసకేస్తాయి. స్నానం నీళ్ళు కాస్త కాగినా అంతే, అద్దంలో నా మొహం నాకే కనపడదు. చల్లబడ్డాక మళ్ళీ మామూలే. అందుకే మామగారు నన్ను ఆ హాల్లోకి రానిచ్చేవారు కాదు. ముందుగదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టేవారు. ఆ రోజు పనివాళ్ళు వెళ్ళిపోయారు, పిలవడానికి ఇంకెవరూ లేరు. ఇలా వెళ్ళి అలా వచ్చేద్దాం అనుకున్నాను. దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. మీకైతే రోలర్ల చప్పుడు వేరు, మనిషి మాట వేరు. నాకు అన్నీ కలిసి ఒకేసారి నెత్తిన పడతాయి. విడదీసుకోలేను. అప్పుడే ఏదో దబ్బున పడింది. మామగారూ అన్నాను..."

అక్కడ ఆగింది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

నర్సు లోపలికొచ్చి డ్రిప్పు సంచీ మార్చి, "ఇవాళ్టికి చాలు," అంది. "ఈమెది మామూలు అలుపు కాదు. కాసేపు పడుకుంటే పోయేదీ కాదు."

ఆమె ఇచ్చిన ఫ్రిజ్జు నీళ్ళగ్లాసు ఎడమచేతికి తగిలితే, వేడిగా ఉన్నాయి అంది చిన్నకోడలు. నర్సు పోతూ పోతూ ఆ చేతికి కట్టు మార్చింది. పిన్ని వంగి చూసింది. అరచేతిలో అడ్డంగా, ఈ చివరి నుంచి ఆ చివరికి, పట్టీ వేసినట్టు ఒకే వెడల్పుతో కాలిన మచ్చ. వేళ్ళ లోపలివైపు కూడా అదే వరసలో బొబ్బలు.

"ఇదెప్పుడు కాలింది?"

పిన్ని ఆగింది. ఈసారి ఆగడం కాస్త అలవాటైంది.

"తెలీదండీ. ఇంటికొచ్చాక అత్తయ్యగారు చూసి చెప్పారు."

వరండాలోకి వచ్చాక అత్తగారు గోడకు ఆనుకుని నిలబడింది. "చూడ్డానికి బాగానే ఉందిగా అంటారు అందరూ. నడుస్తుంది, నవ్వుతుంది, పుస్తకాలు చదువుతుంది. దానికి మాయరోగం, పని ఎగ్గొట్టడానికి అంటుంది మా పెద్దకోడలు. మా ఆయన ఒక్కడే దాన్ని నమ్మింది... నా మొగుడెలాగూ పోయాడు. పిన్నిగారూ, దీన్ని కూడా పట్టుకుపోతే నేనేం చూసుకుని ఆ ఇంట్లో ఉండను?"

*

ఇస్త్రీ హాలు మూయలేదు. అది చూడగానే పిన్నికి మొదటి మంట అక్కడే పుట్టింది.

యజమాని చచ్చిపడ్డ మెట్ల చుట్టూ పోలీసులు ఒక తాడు కట్టారు. తాడుకి ఇవతల పని యథాప్రకారం నడుస్తోంది. ఆడవాళ్ళు తడి దుప్పట్లు చివరలు పట్టుకుని రోలర్ల మధ్యకు అందిస్తున్నారు. అటువైపు అవి చదునుగా, పొగలు కక్కుతూ బయటికొస్తున్నాయి. ఆస్పత్రులకు దుప్పట్లు ఆపకూడదని పెద్దకొడుకు నిన్న పొద్దున్నే బాయిలరు వెలిగించమన్నాడట.

తాడు దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు పిన్ని కింద పని నేర్చుకున్నవాడే.

"రండి పిన్నిగారూ. రిటైరైనవాళ్ళు మనవల్ని ఆడించుకుంటారు అనుకున్నాను."

"నాకు మనవలు లేరు. అందుకే నిన్ను ఆడిద్దామని వచ్చాను."

రోలరు దగ్గర ఒకామె కిసుక్కున నవ్వి తల దించుకుంది. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"మీ టైము వృథా. నిందితురాలు ఒప్పుకుంది, నా దగ్గర రికార్డింగు ఉంది. చేతికి కాలిన గాయముంది, ముసలాయనతో పెనుగులాడినప్పుడు అయింది. ఇంకేం కావాలి?"

"పెనుగులాటలో ఎక్కడ కాలింది? మెట్లకి నిప్పుందా?"

"వేడి మెషీన్లున్న చోట ఎక్కడైనా కాలుతుంది."

పిన్ని అతన్ని దాటి హాలంతా ఒకసారి కలియజూసింది. ముందుగది తలుపు ఒక చివర. ఇనపమెట్లు కుడివైపు గోడకి, పైన నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్తాయి. మధ్యలో రోలర్లు. ఎడమవైపు గోడ వెంట, నడుమెత్తున, బాయిలరు నుంచి ఆవిరి తెచ్చే ఇనపగొట్టం పరుగుతీస్తోంది. దూరం నుంచి చూస్తే అచ్చం మెట్ల పక్కన పట్టుకునే కమ్మీలా ఉంది.

ఆ గొట్టం దగ్గర బాయిలరు మనిషి మందపాటి నూలుపట్టీ చుట్ట విప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నావు బాబూ?"

"గొట్టానికి పట్టీ చుట్టమన్నారండీ, పెద్దబాబు."

"ఎప్పుడూ చుట్టరా?"

"ఎప్పుడో ఊడిపోయిందండీ. చుట్టిద్దామని పోయిన పెద్దాయన ఎన్నిసార్లు చెప్పినా ఈ బాబే ఖర్చు దండగ అనేవారు. ఇవాళ మాత్రం మధ్యాహ్నానికల్లా అయిపోవాలన్నారు."

"ఆ పట్టీ కింద పెట్టు," అంది పిన్ని. వంగి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని గొట్టం మీద పైభాగం చూస్తూ నాలుగడుగులు నడిచింది. నల్లటి ఇనుము మీద లేత గోధుమరంగు పొరలు ఎండిపోయి అంటుకున్నాయి. జానెడు దూరానికొకటి. చెయ్యి పెట్టి, జరిపి, మళ్ళీ పెట్టినట్టు. మెట్ల ఎదురుగా ఉన్న చోట మొదలై, ముందుగది తలుపు దాకా ఉన్నాయి.

"అబ్బాయ్, ఇలా రా. దీన్ని ముట్టుకో."

"కాలుతుంది."

"నాకూ తెలుసు. ముట్టుకో."

ఇన్‌స్పెక్టరు విసుగ్గా రెండు వేళ్ళు ఆనించి, వెంటనే లాక్కుని విదిలించాడు.

"ఎందుకు తీసేశావు?"

"ఎవరైనా తీసేస్తారు."

"తియ్యని మనిషి ఒకతె ఉంది. తలుపు దాకా పట్టుకునే నడిచింది. ఇవి ఆమె అరచేతి చర్మం. ల్యాబువాళ్ళని పిలిచి గీకించు, నా మాట నమ్మకపోతే. కళ్ళు కనపడక, ఇది పట్టుకునే కమ్మీ అనుకుంది. చెయ్యి కాలుతోందని ఆ చెయ్యి ఆమెకి చెప్పలేదు. ఇందాక నర్సు ఫ్రిజ్జులోంచి తీసిన నీళ్ళగ్లాసు అదే చేతికి తగిలితే, వేడిగా ఉన్నాయి అంది ఆ పిల్ల. చల్లనిది వేడిగా తోస్తుంది, వేడిది అసలు తోచనే తోచదు. నువ్వు దాన్ని పెనుగులాట అని రాసుకున్నావు."

"నటన కావచ్చు."

పిన్ని గొంతు పెంచలేదు. పెంచకపోవడమే భయపెట్టింది, రోలర్ల దగ్గర ఆడవాళ్ళ చేతులు కూడా ఆగాయి.

"నువ్వు నటించు. ఆ గొట్టం పట్టుకుని తలుపు దాకా నడిచి చూపించు. మొహం చిట్లించకుండా. అప్పుడు నేను ఇంటికి పోయి బజ్జుంటాను."

ఇన్‌స్పెక్టరు కాలిన వేళ్ళను ప్యాంటుకు రుద్దుకున్నాడు.

"మెట్లు ఆ గోడకి. ఆమె ఈ గోడకి. మధ్యలో రోలర్లు తిరుగుతున్నాయి. కళ్ళు కనపడని మనిషి ఆ మెట్లెక్కి, బరువైన మగవాణ్ణి తోసి, దిగి, తిరుగుతున్న రోలర్ల మధ్యనుంచి ఈ గోడకొచ్చి, గొట్టం పట్టుకుందా? సరే, మిగతావాళ్ళ సంగతేంటి?"

"చిన్నకొడుకు వ్యాన్లో హోటలుకి దుప్పట్లు తీసుకెళ్ళాడు. ఆ టైముకి అక్కడ దించుతూ గేటు కెమెరాలో ఉన్నాడు, నేనే చూశాను. పెద్దకొడుకు ఇంట్లో ఉన్నాడు."

"ఎవరు చెప్పారు?"

"భార్య."

"భార్య చెబితే నమ్మావు. కోడలు చెబితే నటన అన్నావు. బాగుంది నీ తూకం."

"కోడలు ఏం చెప్పిందో మీరు వినలేదు," అన్నాడతను. దెబ్బతిన్న పౌరుషం గొంతులో తెలుస్తోంది. "రండి, వినిపిస్తాను. మీ అమాయకురాలు తన నోటితో ఏమందో మీ చెవులతోనే వినండి."

*

ముందుగదిలో, చిన్నకోడలు రోజూ కూర్చునే కౌంటరు మీద, ఇన్‌స్పెక్టరు తన ఫోను పెట్టి మీట నొక్కాడు. మొదట కుర్చీ జరిపిన చప్పుడు. తరువాత అతని గొంతు, వేగంగా, ఒకదాని మీద ఒకటి పడుతూ.

"మీరు పనిచేసేది ఏ గదిలో?" జవాబు లేదు. "మీ మామగారికి మీ మీద కోపముండేదా?"

"ముందుగదిలో, కౌంటరు దగ్గర," అంది చిన్నకోడలి గొంతు.

"అది కాదు. సరే, హాలు తలుపు తీసిందెవరు?"

"లేదండీ. కూతుర్లా చూసుకునేవారు."

"ఆయన్ని మెట్ల మీంచి తోసిందెవరు?"

"నేనే."

ఇన్‌స్పెక్టరు పిన్ని వంక గర్వంగా చూశాడు. రికార్డింగులో అతని గొంతు ఒక్కసారిగా హుషారెక్కింది.

"ఎందుకు తోశావు?"

"తెలీదండీ. నేను చూడలేదు."

"ఆయన పడ్డాక ఏం చేశావు?"

"నేను తొయ్యలేదండీ."

"ఇందాకే ఒప్పుకుని మళ్ళీ మాట మారుస్తున్నావా? అప్పుడు హాల్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"గోడ పట్టుకుని ఫోను దగ్గరికెళ్ళాను."

"చాలు," అంది అతని గొంతు. రికార్డింగు అయిపోయింది.

పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"విన్నారుగా. నేనే అంది. మళ్ళీ కాదంది. పిచ్చి నటిస్తోంది. నిజంగా బుర్ర పనిచెయ్యకపోతే రోజూ ఇక్కడ కూర్చుని ఏ దుప్పటి ఏ ఆస్పత్రిదో ఎలా సర్దుతుంది? పేపర్లో పదాల పజిలు నింపుతుందట, ఇంట్లోవాళ్ళే చెప్పారు. ప్రశ్న అడిగితే మాత్రం తెలివి ఎటు పోతుంది?"

"పజిలు ఆమెని తొందరపెట్టదు," అంది పిన్ని. "మళ్ళీ పెట్టు. ఈసారి నీ ప్రశ్న వినగానే ఆపు. దానికి జవాబు ఆ తరువాతి ప్రశ్న వెనకాల ఉంటుంది. అక్కడ విను."

"అంటే?"

"నువ్వడిగిన ప్రతిదానికీ ఆ పిల్ల జవాబు చెప్పింది. ఒక్కటీ ఎగ్గొట్టలేదు. నువ్వే ఆగలేదు. ఒక ప్రశ్న వెనకుంది ఆమె, అంతే. ఏ గదిలో పనిచేస్తావు అంటే ముందుగదిలో అంది. కోపముండేదా అంటే లేదు, కూతుర్లా చూసుకునేవారు అంది. తలుపు తీసిందెవరు? నేనే."

ఇన్‌స్పెక్టరు కౌంటరు మీది ఫోను వంక చూశాడు.

"తోసిందెవరు? తెలీదు, చూడలేదు. ఎందుకు తోశావు? తొయ్యలేదు. పడ్డాక ఏం చేశావు? గోడ పట్టుకుని ఫోను దగ్గరికెళ్ళాను. ఆ గోడ ఏదో ఇందాక నీ వేళ్ళకి తెలిసింది." పిన్ని లేచి నిలబడింది. "తలుపు తీశానని చెప్పిన మాటకి నువ్వు హత్య అని పేరు పెట్టావు. పెళ్ళైన ఆడపిల్లని, ఒంట్లో బాగోలేనిదాన్ని, ఆ మాట మీద ఉరికంబం దాకా లాక్కుపోదామనుకున్నావు. నేను నేర్పానా నీకీ పని? ఎదుటివాడు జవాబు చెప్పేదాకా ఆగమని నీకు ఎన్నిసార్లు చెప్పానురా?"

అతను మళ్ళీ మీట నొక్కాడు. ఈసారి ఒక్కో ప్రశ్న దగ్గరా ఆపుతూ, జవాబు దగ్గర ఆపుతూ విన్నాడు. చివరికొచ్చేసరికి అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పిన్నిగారూ," అన్నాడు నెమ్మదిగా, "చివరి ప్రశ్నకి జవాబు లేదు."

"అదే చూస్తున్నాను. హాల్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగావు. ముందుదానికి జవాబు రాగానే ఆపేశావు. ఆ తరువాత ఏమందో?"

"నేను లేచి బయటికొచ్చేశాను. ఆమె ఏదో అంటున్నట్టే ఉంది. ఇంక వినేదేముందనుకున్నాను. వాళ్ళ బావగారు మంచినీళ్ళు పట్టుకుని లోపలికెళ్ళారు."

పిన్ని సంచీలోంచి ఫోను తీసి చిన్నకోడలి నంబరు నొక్కింది. స్పీకరు పెట్టింది. చాలాసేపు మోగాక తీసింది.

"అమ్మా, నేను పిన్నిని. ఒకే ఒక్క మాట. నెమ్మదిగా చెప్పు. మీ మామగారు పడ్డప్పుడు హాల్లో ఇంకెవరైనా ఉన్నారా?"

అటు దూరంగా హారన్లు వినపడుతున్నాయి. ఆస్పత్రి కిటికీ తెరిచి ఉంటుందనుకుంది పిన్ని. ఇన్‌స్పెక్టరు ఏదో అనబోతే అరచెయ్యి అడ్డంపెట్టింది. కౌంటరు మీద గుర్తుకోసం బట్టలకు కుట్టే గుడ్డబిళ్ళల డబ్బా ఉంది. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చసాగింది.

"ఉన్నారు," అంది చిన్నకోడలు. ఆ తరువాత చాలాసేపటికి, "చెప్తే మా ఆయనకి ఏమీ కాదు కదండీ?"

"మీ ఆయన ఆ టైముకి హోటల్లో దుప్పట్లు దించుతున్నాడమ్మా. అక్కడి కెమెరాలో ఉన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు కళ్ళారా చూశారు."

ఈసారి మౌనం ఇంకా పొడుగైంది. అది ఏడుపుగా మారింది. గుండె మీంచి బండ దింపుకున్న మనిషి ఏడ్చే ఏడుపు.

"నేను మా ఆయనే అనుకున్నానండీ. పొద్దున ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. మామగారు పడ్డాక ఎవరో మగమనిషి పైనుంచి 'నాన్నా' అన్నారు. ఒక్కసారే. రోలర్ల చప్పుడులో ఎవరి గొంతో తేలలేదు. కళ్ళకి ఆవిరి తప్ప ఏమీ కనపడలేదు. తరువాత మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఇన్‌స్పెక్టరుగారు అడిగితే చెప్పబోయాను గానీ ఆయన వెళ్ళిపోయారు. నీళ్ళు తెచ్చిన బావగారితో చెప్పాను. ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకమ్మా, తమ్ముడి మెడకి చుట్టుకుంటుంది అన్నారు. అందుకే ఊరుకున్నాను."

ఇన్‌స్పెక్టరు కౌంటరు మీద చెయ్యి ఆనించి వంగాడు. ఆయన్ని నాన్నా అని పిలిచేవాళ్ళు ఈ ప్రపంచంలో ఇద్దరే. ఒకడు హోటల్లో ఉన్నాడు.

మొగుడి మీద ఆ పిల్లకున్న ప్రేమనే ఆమె నోట్లో గుడ్డలా కుక్కాడు ఆ పెద్దకొడుకు. రెండురోజులుగా ఆమె నేరం మోస్తుంటే, గ్లాసుతో నీళ్ళందించి, అమ్మా అని పిలిచి, పక్కనే నిలబడ్డాడు. పిన్నికి ఒళ్ళంతా మండింది. ఆ మంటలో కూడా, ఆ హారన్లు ఆస్పత్రి కిటికీలోంచి వస్తున్నవి కావని ఆమెకు తట్టింది.

"ఇప్పుడెక్కడున్నావమ్మా?"

పిన్ని ఇంకో గుడ్డబిళ్ళ తీసి పేర్చింది. ఆగాలి. ఆగక తప్పదు.

"కారులోనండీ. అత్తయ్యగారు బట్టలు తేవడానికి ఇంటికెళ్ళారు. అప్పుడు బావగారొచ్చి సంతకం పెట్టి డిశ్చార్జి చేయించారు. మందులు కొనడానికి దిగారు. కిటికీలు మూసేసి వెళ్ళారు, ఏసీ పాడైందట. చాలా ఉక్కగా ఉంది పిన్నిగారూ. రోడ్డు కనపడటం మానేసింది."

ఇన్‌స్పెక్టరు అప్పటికే వైర్‌లెస్ అందుకున్నాడు.

"తలుపు తీసుకుని కారు దిగు తల్లీ. ఎవరు కనపడితే వాళ్ళ చెయ్యి పట్టుకో. ఇప్పుడే దిగు."

అవతల ఊపిరి చప్పుడు. పిన్ని చెప్పిన మాట ఆమె దగ్గరికి నడిచి వెళ్తోంది. పిన్ని రెండోమాట అనకుండా పళ్ళు బిగించింది. ఇంకొకటి అంటే మొదటిది దారిలో పడిపోతుంది.

కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఆమె దిగుతోందనుకుని పిన్ని కళ్ళు మూసుకుంది. తలుపు ధడాల్న మూసుకుంది. సీటు కిర్రుమంది.

"ఎవరమ్మా ఫోనులో?" అందొక మగగొంతు. చాలా మెత్తగా, చాలా దగ్గరగా.

అప్పటికి పిన్ని మాట ఆ అమ్మాయికి చేరింది. జవాబు కూడా దొరికింది. పాపం, వెతికి తెచ్చింది పారెయ్యలేకపోయింది.

"దిగాలా? ఎందుకు పిన్నిగారూ, బావగారొచ్చేశారుగా?"

ఇంజను స్టార్టయింది. ఫోను కట్టయింది.

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్ పట్టుకుని ఆమె వంక తిరిగాడు. "పిన్నిగారూ, నేను..."

"తరువాత," అంది పిన్ని, అప్పటికే గుమ్మం దాటుతూ. "ముందు జీపు తియ్యి."